చేపలకు వీపు పెట్టిన మనిషి

1958 నవంబరు 12

ఇవాళ పాతతిప్పలో తాడు వదిలేశారు. రాసి పెట్టుకోకపోతే రేపు నాకే నమ్మకం కుదరదు. అందుకే మందుల కంపెనీ వాళ్ళిచ్చిన ఈ డైరీ దుమ్ము దులిపి తీశాను. ఏడాదంతా ఖాళీగా పడి ఉంది పాపం.

అసలు నేను ఒడ్డుకి వెళ్ళాల్సిన పనే లేదు. ఇక్కడి చిన్న ఆసుపత్రికి నర్సుని. నా పని పుళ్ళు, జ్వరాలు, పురుళ్ళు. కానీ పొద్దున్నే సముద్రం వైపు నుంచి కేకలు వినపడుతుంటే ఇంట్లో కూర్చునే ఒళ్ళు కాదు నాది. నాతోపాటే ఉండే రాజమ్మ పిన్ని "ఒసే ఆనందం, గంజి చల్లారిపోతోంది, ఎవరి గోలో నీకెందుకే" అని అరుస్తూనే ఉంది. వెళ్ళిపోయాను.

పెద్ద వల నీళ్ళలో ఉంది. రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఊరి మగాళ్ళందరూ రెండు వరసల్లో లాగుతున్నారు. వల సగం వరకూ వచ్చింది. నాంచారయ్యగారు ఎప్పట్లాగే గొడుగు కింద నిలబడి ఉన్నారు. వల ఆయనది, నావ ఆయనది, కాబట్టి చేపలు పంచేదీ ఆయనే. చేపల్ని కుప్పలు పోయించి, వాటికెదురుగా నిలబడి, ఇది నీకు, అది వాడికి అని కర్రతో చూపిస్తారు. మంచి కుప్ప ఎవరింటికి వెళ్తుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

ఈ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. సముద్రంలో పోయినవాడి పేరున ఏడాది తిరిగేదాకా ఒక కుప్ప తీస్తారు. అన్నిటికంటే ముందు తీసేది అదే. పోయిన నెల రాఘవులు వల వెయ్యడానికి వెళ్ళి, నావ తిరగబడి పోయాడు. అతని భార్య సూర్యకుమారికి ఏడో నెల. ఆ కుప్పే ఆ పిల్లకి ఆధారం. ఏడాది గడిస్తే బిడ్డని ఎవరి దగ్గరైనా వదిలి చేపల తట్ట నెత్తిన పెట్టుకోగలదు. ఈలోగా కుప్ప ఆగిపోతే నాగాయలంకలో అన్న పంచన చేరాలి. ఆ అన్న సంగతి ఊరందరికీ తెలుసు, తాగి కొట్టని రోజుండదు.

ఇవాళ నాంచారయ్యగారు వల ఒడ్డుకి రాకముందే అనేశారు. "ఇకనుంచి రాఘవులి కుప్ప లేదు. చచ్చినోడొచ్చి తాడు లాగుతాడేంట్రా?"

వరసలో అందరికంటే ముందున్న బంగార్రాజు "అయితే మేమూ లాగం" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తాడు వదిలేశాడు. వాడి వెనకవాడు వదిలాడు, ఆ వెనకవాడు వదిలాడు. తాడు ఇసక మీద సరసరా సముద్రంలోకి జారిపోతుంటే నాంచారయ్యగారు గొడుగు పారేసి దాన్ని పట్టుకున్నారు. మోకాళ్ళ లోతు నీళ్ళ దాకా ఈడ్చుకుపోయింది. ఒక్కరే పట్టుకున్నారు! నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

మధ్యాహ్నం బంగార్రాజు అరచేతులు కోసుకుపోయాయని కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. నాకు ఒకటే ఆరా. ముందే అనుకున్నారా, అప్పటికప్పుడు జరిగిందా?

"నిజం చెప్పమంటారా అక్కగారూ? చెయ్యి దానంతటదే వదిలేసిందండీ. నాకూ ఆశ్చర్యమే" అన్నాడు.

ఆ మాట నాకు భలే నచ్చింది.

నవంబరు 15

మూడు రోజులుగా ఎవరూ తాడు ముట్టకపోయేసరికి నాంచారయ్యగారు గుడివాడలో కూతురింటికి వెళ్ళిపోయారు. వల, నావ ఊరుమ్మడి అయ్యాయి. "నడుపుకోండి, నేనూ చూస్తా" అని బండెక్కుతూ అన్నారట. గొడుగు వదిలేసి వెళ్ళారు. ఆయన పెంకుటింటి అరుగు మీద ఉంది. ఎవరూ ముట్టుకోవడం లేదు.

నవంబరు 20

ఊరి వల మొదటి పంపకం ఇవాళ. పండగలా ఉంది. ఆడవాళ్ళు కూడా తలంట్లు పోసుకుని వచ్చారు.

బంగార్రాజు వాళ్ళ తాతల నాటి పద్ధతి మళ్ళీ తీశారు. ఒక మనిషి కుప్పలకి వీపు పెట్టి, సముద్రం వైపు మొహం చేసి నిలబడతాడు. ఇంకొకడు పొడుగాటి కర్రతో ఏదో ఒక కుప్పని తాకి "ఇదెవరికి?" అంటాడు. వీపు పెట్టినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. జనం "పడింది!" అని అరుస్తారు. అంతే, ఆ కుప్ప వాళ్ళది. పెద్ద చేప పడనీ, పరిగెలు పడనీ, ఎవరూ ఎవర్నీ అనడానికి లేదు. ఎంత తెలివైన పద్ధతో!

వీపు పెట్టి నిలబడింది బంగార్రాజు. ఇంకెవరిని ఒప్పుకుంటారు? కర్ర పట్టింది వాళ్ళ బావమరిది వెంకటస్వామి.

"ఇదెవరికి?"

"రాఘవులికి!"

"పడింది!" అని ఊరు ఊరంతా అరిచింది. సూర్యకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచుకోవడమెందుకు, ఇది నా డైరీ.

తర్వాత బంగార్రాజు సొంత పేరు చెప్పినప్పుడు కర్ర కింద ఉన్నవన్నీ చిన్న జెల్లలు. వెంకటస్వామి కర్ర ఎత్తేసి, "బావా, ఇది కాదులే, ఇంకోటి..." అని పక్కకి జరగబోయాడు. బంగార్రాజు వెనక్కి తిరగనైనా లేదు. "నోట్లోంచి పడిన పేరు గంగమ్మతల్లి కూడా తియ్యలేదురా. ముందుకి నడువు" అన్నాడు.

అంతా అయ్యాక అడిగాను, అటు నిలబడినంతసేపూ ఏం చూస్తావయ్యా అని. "ఏముందండీ, కళ్ళల్లో ఎండ" అని నవ్వాడు.

నవంబరు 21

బంగార్రాజు చందువ చేప పంపాడు. వద్దని గట్టిగా చెప్పాను. పిన్ని పులుసు పెట్టింది.

డిసెంబరు 7

ఆదివారం. ప్రార్థనకి వెళ్ళి వచ్చేసరికి బంగార్రాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. రోజూ పొద్దున్నే సముద్రం మీద ఎండకి ఎదురుగా నిలబడితే అవవా మరి? చుక్కలు వేశాను.

"ఎండకెదురుగా నిలబడకు. కళ్ళు పోతాయి" అని కోప్పడ్డాను.

"ఎలాగండీ మరి? అటే కదా నిలబడాలి."

"ఏం, కుప్పలకి ఇవతల పక్క నిలబడి ఊరి వైపు చూడు. వీపు వీపే కదా."

కాసేపు ఆలోచించాడు. "అవునండోయ్, వీపు వీపే" అన్నాడు.

డిసెంబరు 11

ఒడ్డుకి వెళ్ళి చూశాను. నా మాట విన్నాడు. ఊరి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. జనం కొంచెం గుసగుసలాడారు. "నర్సమ్మగారు చెప్పారు" అనేసరికి ఊరుకున్నారు. నా మాటకి ఇంత విలువుందని నాకే తెలియదు. మొదటి కుప్ప రాఘవులిదే. బాగుంది.

డిసెంబరు 25

గూడూరు నుంచి పిన్ని చెల్లెలి పిల్లలు వచ్చారు. బంగార్రాజుగారు పండుగప్ప పంపారు. చెయ్యంత ఉంది! పిల్లలు దాని నోట్లో వేలు పెట్టి చూస్తూ కూర్చున్నారు, వండనిస్తేనా.

పిన్ని చేప తోముతూ అడిగింది. "బంగార్రాజు ఎప్పుడే బంగార్రాజుగారయ్యాడు?"

అందరూ అలాగే అంటున్నారు కదా అన్నాను.

1959 జనవరి 5

డైరీ అయిపోయింది. కొత్తది ఎవరూ ఇవ్వలేదు. వెనక్కి వెళ్ళి, ఖాళీగా ఉన్న జనవరి పేజీల్లో 8ని 9గా దిద్ది రాస్తున్నాను.

బంగార్రాజుగారు నాంచారయ్య పెంకుటింట్లోకి మారారు. వల తడవకుండా పెట్టుకోవడానికి ఊళ్ళో పెంకుల కప్పు ఉన్నది ఆ ఒక్కటే. వలకి కాపలా ఎవరో ఒకరు ఉండాలి. సబబే.

జనవరి 12

పొంగు జ్వరం వచ్చి పిల్లలు వరసగా మంచం పడుతున్నారు. ఒడ్డుకి వెళ్ళడానికే తీరడం లేదు. మూడు వీధులూ తిరిగి వస్తుంటే ఒడ్డు నుంచి వస్తూ బంగార్రాజుగారు ఎదురయ్యారు. నాంచారయ్య గొడుగు వేసుకుని ఉన్నారు. కాళ్ళకి చెప్పులు కూడా. వల లాగే ఇసకలో చెప్పులతో నడవకూడదు అంటారు వీళ్ళు, కాబట్టి కాస్త వింతగా అనిపించింది. అడిగేశాను.

"నత్తగుల్ల గుచ్చుకుందండీ. మీరే కదా ఇనుము తగిలినా గుల్ల తగిలినా జాగ్రత్త అంటారు" అన్నారు.

అన్నాను. నేనే అన్నాను. సబబే.

జనవరి 17

పిన్ని ఒడ్డుకి వెళ్ళి వచ్చి చెప్పింది. మాగలూ చందువలూ ఉన్న కుప్పలన్నీ వెంకటస్వామి వాళ్ళకీ, పెంకుటింటి చుట్టూ తిరిగే వాళ్ళకీ పడుతున్నాయట. మిగతా వాళ్ళకి కవళ్ళూ జెల్లలూ.

"చూడకుండానే కదే చెబుతున్నాడు. ఆ వీపుకేమైనా కళ్ళున్నాయా?" అంది.

అదృష్టం, అంతే అన్నాను. మనకీ మంచివే వస్తున్నాయిగా, మనకేమన్నా చుట్టమా అతను?

పిన్ని నా వైపు అదోలా చూసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

జనవరి 19

సూర్యకుమారికి ఆడపిల్ల. తెల్లారి నొప్పులు మొదలయ్యాయి, భోజనాల వేళకి తేలింది. తలకాయ నిండా జుట్టు. "ఆయన జుట్టేనండీ, నూనె రాయలేక చచ్చేదాన్ని" అని ఆ నొప్పుల్లోనే నవ్వింది. గట్టి పిల్ల.

జనవరి 26

పసిగుడ్డు ఏడుపు ఆపడం లేదు. సూర్యకుమారికి పాలు పడలేదు. మొహం పాలిపోయి ఉంది. పాలసొర చేప పిట్టు నాలుగు రోజులు తింటే పాలు వాటంతటవే వస్తాయమ్మా, నీకు తెలియనిదా అన్నాను. తల ఊపింది.

ఇంటికి వచ్చేసరికి, ఆశ్చర్యం, మన అరుగు మీద పాలసొర! పెంకుటింటి నుంచి వచ్చిందట. పిన్ని చేత అల్లం వెల్లుల్లి దట్టించి పిట్టు చేయించి, గిన్నెతో నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. సూర్యకుమారి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అలా చెయ్యకూడదమ్మా అన్నాను గానీ, దారంతా నా మీద నాకే ముచ్చటేసింది. మంచి పని చేశానని.

జనవరి 27

నిన్నటి ముచ్చట ఇవాళ వదిలింది.

గిన్నె తెచ్చుకుందామని వెళ్ళాను. ఇంట్లో చేప వాసన లేదు. పల్లెలో, వల పడుతున్న రోజుల్లో, చేప వాసన లేని ఇల్లు! నా బుర్రకి నిన్ననే ఎందుకు తట్టలేదో.

"మీ కుప్ప ఏమైంది సూర్యకుమారీ?"

"సంక్రాంతి ముందు నుంచీ రావట్లేదండీ."

"మరి చెప్పవేం?"

"మీకు తెలుసనుకున్నానండీ" అంది. ఎంతో మామూలుగా అంది. "నాగాయలంక నుంచి మా అన్న కబురు పెట్టాడండీ, శివరాత్రి వెళ్ళగానే వచ్చి తీసుకెళ్తాడంట."

ఆ చంటిదాన్ని పట్టుకుని ఆ తాగుబోతింటికి. నా ఒళ్ళు మండిపోయింది. తిన్నగా పెంకుటింటికి వెళ్ళాను. బంగార్రాజుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. లేచి నిలబడి, కుర్చీ వేయించి, టీ తెప్పించారు. మర్యాదకేం తక్కువ లేదు.

"అక్కగారూ, మీకు తెలియంది కాదు. ఏడాదంటే మాటలా? తాడు లాగేవాళ్ళు గొణుగుతున్నారండీ. చచ్చినోడొచ్చి తాడు పట్టుకోడు కదండీ."

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను. ఈ డైరీలోనే ఎక్కడో రాశాను కూడా. వెతకలేదు. టీ మాత్రం వదిలేసి వచ్చాను.

జనవరి 28

మాగ చేప వచ్చింది. తెచ్చిన మనిషిని తిప్పి పంపుదామనుకునే లోపే పిన్ని తీసుకుంది. తినలేదు నేను. సాయంత్రం కొంచెం తిన్నాను.

జనవరి 31

ఎన్నాళ్ళకో ఇవాళ తీరిక చేసుకుని ఒడ్డుకి వెళ్ళాను. తాడు దగ్గర మనుషులు పలచబడ్డారు. పాటలు లేవు. వల పైకి వచ్చింది, కుప్పలు పోశారు. బంగార్రాజుగారు ఒకసారి కుప్పల వెంట నడిచి, అన్నీ చూసుకుని, ఇవతలికి వచ్చి, ఊరి వైపు తిరిగి నిలబడ్డారు. వెంకటస్వామి అవతల, సముద్రం పక్కన, కర్ర పట్టుకుని ఉన్నాడు.

"ఇదెవరికి?"

మొదటి పేరు. రాఘవులి పేరు ఉండే చోటు.

"ఆసుపత్రికి!"

"పడింది" అన్నారు జనం, పెద్దగా అరవకుండానే. కొందరు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

చందువ, పండుగప్ప, పాలసొర, మాగ. సంక్రాంతి ముందు నుంచీ సూర్యకుమారి ఇంటికి వెళ్ళాల్సిన కుప్ప నా వంటింట్లోకి వస్తోంది. ఆమె పాలసొరతోనే ఆమెకి పిట్టు చేసి పట్టుకెళ్ళి, దణ్ణం కూడా పెట్టించుకున్నాను. అంతకు ముందు వచ్చిన చేపలు ఎవరివని ఒక్కసారైనా అడిగానా? ఊళ్ళో ప్రతి ఇంట్లో ఏం వండారో ఆరా తీసే దాన్ని, నా ఇంట్లో వండే చేప ఎక్కడిదో అడగలేదు.

ఇంకొకటి కూడా చూశాను. బంగార్రాజుగారు నిలబడినంతసేపూ ఊరి వైపు చూడలేదు. కిందికి, తన కాళ్ళ ముందు ఇసక వైపు చూస్తున్నారు. అక్కడ ఏముంది?

ఫిబ్రవరి 2

తెలిసిపోయింది!

తెల్లవారగానే పిన్నిని ఒడ్డుకి లాక్కెళ్ళాను. ఇవాళ వల లేదు, ఎవరూ రారు. ఇసకలో కొబ్బరి చిప్పలు వరసగా పెట్టాను. పిన్ని చేతికి బూజు కర్ర ఇచ్చి సముద్రం వైపు నిలబెట్టాను.

"నీకు పిచ్చి ముదిరిందే. చర్చిలో ఎవరికైనా తెలిస్తే ఏమనుకుంటారు" అని తిట్టుకుంటూనే నిలబడింది.

నేను ఇవతల పక్కన, బంగార్రాజు నిలబడే చోటే, చిప్పలకి వీపు పెట్టి ఊరి వైపు తిరిగాను. "పిన్నీ, ఏదో ఒక చిప్పని తాకు" అన్నాను.

సూర్యుడు అప్పుడే సముద్రం మీదికి వచ్చాడు. పిన్ని నీడ, ఆ కర్ర నీడ, చిప్పల మీదుగా పొడుగ్గా సాగి నా కాళ్ళ దగ్గరికి వచ్చాయి. ఆవిడ ఎటు జరిగితే నీడ అటు జరిగింది.

"కుడి పక్క చివరిది" అన్నాను.

"అవునే!"

"ఇప్పుడు మధ్యది."

"ఒసేవ్, నీకెలా తెలుసే!"

ఇసకలో కూర్చుని నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది, పసిపిల్లలా, ముడి విప్పినందుకు. పిన్ని వచ్చి పక్కన కూలబడి, నీడని చూసి, నన్ను చూసి అంది. "మరి ఇటు తిరిగి నిలబడమని చెప్పిందెవరే?"

నవ్వు ఆగిపోయింది.

నేను కళ్ళ కోసం చెప్పాను. దేవుడి సాక్షిగా కళ్ళ కోసమే చెప్పాను. ఆ రోజు అతను కాసేపు ఆలోచించాడే, ఆ కాసేపట్లో నీడ సంగతి తట్టిందా? లేక చాలా రోజుల తర్వాత, ఒకనాడు కిందికి చూస్తే నీడ దానంతటదే కనిపించిందా? చెయ్యి దానంతటదే తాడు వదిలేసినట్టు? ఇది మాత్రం నాకు తెలుసుకోవాలని ఉంది. అతన్ని తిట్టడానికి కాదు, ఊరికే తెలుసుకోవాలని.

ఫిబ్రవరి 5

బంగార్రాజుగారు ఇంటికే వచ్చారు. చెప్పులు బయట విప్పి, పిన్నిని కూడా పలకరించి, కూర్చున్నారు. తాడు దగ్గరికి సగం మంది రావడం మానేశారట. నిన్న ఎవరో వెంకటస్వామి చేతిలో కర్ర లాక్కుని విరిచేశారట. వీపు పెట్టే మనిషిని మార్చమంటున్నారట.

"మీరు నిలబడాలండీ అక్కగారూ."

"నేనా? ఆడదాన్ని, పైగా ఈ ఊరిదాన్ని కూడా కాదు."

"అందుకేనండీ. మీరు ఎవరి పక్షమూ కాదు. ఊళ్ళో పిల్లలందర్నీ భూమ్మీద వేసిన చెయ్యి మీది. మీరు పేరు చెబితే ఎవడు కాదంటాడు? అందర్నీ అడిగాను, సరే అన్నారు." కొంచెం ముందుకి వంగారు. "పేర్లన్నీ మీకు తెలిసినవే. ఏది ముందొచ్చినా పర్లేదు. మొదటిది ఒక్కటీ గుర్తుంచుకోండి."

"ఆసుపత్రికి."

"అంతేనండీ."

నేను చేప తిన్నాను కాబట్టి అతనికి నా మీద ధీమా. అలాగేలే అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియలేదు.

అతను వెళ్ళాక పిన్ని అంది. "నోట్లో చేపముక్క పెట్టి మరీ నిలబెడుతున్నాడే నిన్ను."

ఫిబ్రవరి 6

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. తెలుసు.

ఫిబ్రవరి 9

ఊరంతా వచ్చింది. మానేసిన వాళ్ళు కూడా వచ్చి తాడు పట్టుకున్నారు. సూర్యకుమారి చంటిదాన్ని భుజాన వేసుకుని, ఆడవాళ్ళందరికీ వెనకాల నిలబడింది. వస్తూ దారిలో నేను ఆ పిల్లకి ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే, తర్వాత నాకు ధైర్యం చాలకపోతే?

కుప్పలు పోశారు. నేను వాటి వైపు చూడలేదు. బంగార్రాజుగారు ఇవతల పక్క ఇసక చదును చేయించి, "ఇక్కడండీ" అన్నారు. నేను కుప్పల్ని దాటి అవతలికి నడిచాను. సముద్రం వైపు మొహం పెట్టి నిలబడ్డాను.

"అటు ఎండండీ అక్కగారూ. కళ్ళు పాడవుతాయని మీరే చెప్పారు కదండీ."

"చుక్కల మందు నా దగ్గరే ఉంది కదయ్యా" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. నా ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మీద ఎండ. కళ్ళు సరిగ్గా తెరవలేకపోయాను.

వెనక నుంచి వెంకటస్వామి గొంతు. "ఇదెవరికి?"

"రాఘవులికి" అన్నాను.

అల వచ్చింది, వెళ్ళింది. పడింది అన్న కేక రాలేదు. వెంకటస్వామి వినపడనట్టు మళ్ళీ అడిగాడు. "ఇదెవరికండీ?"

"ఒకసారి పడిన పేరు గంగమ్మతల్లి కూడా తియ్యలేదట. మీ బావే అన్నాడు. రాఘవులికి! సముద్రంలో పోయిన రాఘవులికి!"

నా గొంతేనా అది! చచ్చేంత భయం వేసింది. వెనక ఏం జరుగుతోంది? బంగార్రాజు మొహం ఎలా ఉంది? కర్ర ఎత్తేశారా? సూర్యకుమారి ఏం చేస్తోంది? ఒక్కసారి, ఒక్కసారి తిరిగి చూడాలని ప్రాణం లాగింది. గోడ అవతల చిన్న చప్పుడైతే చాలు నిచ్చెన వేసుకుని చూసే మనిషిని నేను. కానీ తిరిగితే వీపు పెట్టినట్టు కాదు, పేరు పడినట్టూ కాదు. సముద్రాన్నే చూశాను.

అప్పుడు ఒక గొంతు. ఒక్కటే. "పడింది!"

వెంటనే అందరూ. "పడింది! పడింది!" చంటిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

మిగతా పేర్లు ఎలా చెప్పానో గుర్తు లేదు. ఆసుపత్రి పేరు చెప్పలేదు. మరిచిపోయి కాదు.

ఫిబ్రవరి 10

పొద్దున్నుంచీ అదే పని. మందుకి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగాను, మొదట పడింది అన్నది ఎవరని. జ్వరం గలవాడు నేనే అన్నాడు. పుండు కట్టించుకున్నవాడు నేనే అన్నాడు. నిన్న అసలు ఊళ్ళో లేనివాడు కూడా నేనేనండీ అన్నాడు! పిన్ని నవ్వలేక పొయ్యి ముందు కూలబడింది.

సాయంత్రం సూర్యకుమారి వచ్చింది. ఏం పడ్డాయే నీ కుప్పలో అంటే, "అన్నీ కవళ్ళేనండీ, ముళ్ళు ముళ్ళు" అని పకపకా నవ్వింది. పులుసు పెట్టుకుని తిన్నదట. అన్నకి కబురు పంపేసింది, రావద్దని. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి అంది.

"మొదట అన్నది బంగార్రాజు బావండీ. నేను ఎదురుగా ఉన్నాను కదా, చూశాను."

"నిజమా! మొహం ఎలా ఉంది?"

"ఏమోనండీ. ఎండ పడి కళ్ళు చికిలించాడు. కనపడలేదు."

సిగ్గేసి అన్నాడా? ఊరు అరిచే లోపు తనే ముందు అరిస్తే మేలని అన్నాడా? లేక నోరు దానంతటదే అనేసిందా? రోజంతా ఆలోచించినా తేలలేదు.

ఫిబ్రవరి 11

ఇకనుంచి రోజూ నన్నే నిలబడమంటున్నారు. ఊరంతా ఒకే మాట. ఇవాళ కూడా నిలబడ్డాను. వెంకటస్వామి కర్ర పట్టుకునే ముందు నాకు నమస్కారం పెట్టాడు. దారిలో జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఆకులో చుట్టిన చందువ ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. బంగార్రాజుగారు కాదట. "మీ మీద అభిమానం ఉన్నవాళ్ళు ఎవరో పెట్టి ఉంటారండీ" అంది పక్కింటావిడ. చేప పట్టుకుని మూడు వీధులూ తిరిగాను, మాదే అని ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి సూర్యకుమారి ఇంట్లో ఇచ్చి వచ్చాను.

ఫిబ్రవరి 14

కళ్ళు ఎర్రబడ్డాయి. నీళ్ళు కారుతున్నాయి. అక్షరాలు రెండుగా కనపడుతున్నాయి.

పిన్ని చుక్కలు వేస్తూ విసుక్కుంది. "ఎందుకే ఈ బాధ? కాస్త ఇటు తిరిగి నిలబడితే నీకేం పోయింది? నువ్వు నీడ చూసే మనిషివి కాదుగా."

కాదు. అయినా ఆ మాట విన్నాక కాసేపు ఆలోచించాను. సబబే అనిపించింది.

మందు మంట పుట్టిస్తోంది. రేపు కూడా సముద్రం వైపే నిలబడాలి. నిలబడతాననే అనుకుంటున్నాను.